ఆ టోపీ ఇవ్వు

"ఆ టోపీ ఇవ్వు."

ఒదేరో లారీ దిగుతూ ఒక కాలు ఇసుకలో పెట్టాడు. రెండో కాలు ఇంకా చక్రం మీదే ఉంది. అప్పుడే ఈ మాట వినపడింది. తలెత్తి చూస్తే ఎదురుగా ఒక అమ్మాయి. భుజాల నుంచి గడ్డం దాకా పూసల పేర్లు, నెత్తిన చేపల గంప, నడుముకి చేపలు చీల్చే కత్తి. తన ఇంటి తాళంచెవి తిరిగి అడుగుతున్నంత ధీమాగా చెయ్యి చాపి నిలబడింది.

"ఏ టోపీ?"

"నీ నెత్తి మీద ఎన్ని ఉన్నాయి?"

"ఇది నాది."

"తెలుసు. అందుకే అడుగుతున్నా. నాదైతే నేనే పెట్టుకునేదాన్నిగా!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఒదేరో రెండు చేతులతో టోపీని గట్టిగా పట్టుకున్నాడు. ఎదురుగాలికి భయపడో, ఎదురుగా ఉన్న పిల్లకి భయపడో అతనికే తెలియలేదు.

"కొంటావా? ధర చెప్తాను" అన్నాడు.

ఆమె అతన్ని రెండు తలల మేకను చూసినట్టు చూసింది. వెనక్కి తిరిగి ఆ మాటను తమ భాషలో అందరికీ చెప్పింది. ఈసారి నవ్వు ఒడ్డు పొడవునా పాకింది.

ఒదేరోది విక్టోరియా సరస్సు ఒడ్డున హోమా బే. లువో కుటుంబం, చేపల వ్యాపారం. సంతల్లో టోపీ పెట్టేవాళ్లని చాలామందిని చూశాడు కానీ, నిలబెట్టి టోపీ అడిగేవాళ్లని చూడలేదు. తమ సరస్సులో పెద్ద చేప తగ్గిపోయింది. లాభం వల కంతల్లోంచి జారిపోతోంది. ఉత్తరాన ఎడారి మధ్యలో తుర్కానా సరస్సు ఉందనీ, అక్కడి గాలికి చేప రెండు రోజుల్లో చెక్కలా ఎండుతుందనీ ఎవరో చెప్పారు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు లారీలో కుదుపులు తింటూ కలొకోల్ ఊరు దాటి ఈ ఇసుక తిన్నె మీదికి వచ్చాడు. నెల రోజులుండి లారీకి సరిపడా ఎండుచేప కొనుక్కుని పోవాలన్నది అతని లెక్క. ఆ లెక్కలో ఈ పిల్ల లేదు.

వాళ్ల నాన్న పోతూ పోతూ అతనికి రెండే ఇచ్చి పోయాడు. ఒకటి ఈ ఫెల్టు టోపీ. రెండోది ఒక మాట: "ఎవర్నీ ఏదీ అడక్కు. కావలసింది కొనుక్కో. అడిగినవాడు ఆ రోజే సగం ధరకి పడిపోతాడు."

ఆ మాటను ఒదేరో టోపీకంటే జాగ్రత్తగా చూసుకున్నాడు. కానీ ఇక్కడ ఊరు ఊరంతా దానికి ఎదురు నడుస్తోంది. వలలు అల్లే ముసలాయన లొమురియా మొదటి రోజే, "ఆ టార్చిలో బ్యాటరీలు ఇవ్వు" అన్నాడు. పడవ యజమానురాలు నాపుస్ అతని బూట్లు చూసి, "నా కాలికి సరిపోతాయి, ఇవ్వు" అంది. బస చేసిన గుడిసె పక్కాయన చేతి గడియారం అడిగాడు. అందరికీ ఒదేరోది ఒకటే జవాబు: "ఇవ్వడానికి కాదు."

విచిత్రం ఏమిటంటే కాదంటే ఎవరూ మొహం మాడ్చుకోరు. నవ్వుతారు, పక్కన కూర్చుంటారు, వాళ్లమ్మ బాగుందా అని అడుగుతారు, మర్నాడు మళ్లీ అదే వస్తువు అడుగుతారు. సిగ్గులేని జనం అనుకున్నాడు ఒదేరో.

* * *

ఆ అమ్మాయి పేరు అకువామ్. అంటే గాలి. గాలి వీచే రోజు పుట్టిందట. ఆ ఒడ్డున గాలి వీచని రోజు ఎవరికీ గుర్తులేదు కాబట్టి ఆ పేరు ఎవరికైనా పెట్టొచ్చు, కానీ ఆమెకి అతికినట్టు ఇంకెవరికీ అతకదు.

చేప ఎండబెట్టడంలో ఆమెని మించినవాళ్లు లేరు. పెర్చ్ చేపను వీపు వైపు నుంచి ఒక్క గీతలో చీల్చి, ఉప్పు రుద్ది, కర్రల పందిరి మీద చర్మం కిందికి ఉండేలా పరిచి, పొద్దుటి పెనుగాలికి ఎగరకుండా తోకల మీద రాళ్లు పెట్టేది. మధ్యాహ్నం గాలి నెమ్మదించాక తిప్పేది. ఆమె చేపను వేలితో కొడితే తలుపు కొట్టినట్టు మోగేది. అలాంటి సరుకు వదులుకునే వ్యాపారి ఉండడు. కాబట్టి ఒదేరో రోజూ ఆమె పందిరి దగ్గరికే వెళ్లాల్సి వచ్చేది. ఇది పూర్తిగా వ్యాపార కారణమేనని మొదటి వారం అతను నిజంగానే నమ్మాడు.

"ఇసుక కూడా తూస్తున్నావేంటి?" అన్నాడు కాటా దగ్గర, చేపను దులుపుతూ.

"అది ఊరికే ఇస్తున్నా. మా ఊరి గుర్తుగా ఉంచుకో."

"మీ ఊరి నీళ్లే చాలు గుర్తుంచుకోవడానికి. నిన్న తాగితే నోట్లో సబ్బు కరిగినట్టుంది."

"అందుకే మా మాటలు శుభ్రంగా ఉంటాయి. మీవి తియ్యటి నీళ్లటగా?"

"మరి! గ్లాసు ముంచుకుని అలాగే తాగేస్తాం."

"అలాగా. అందుకే మీ చేపలకి బద్ధకం, మీ మగాళ్లకి పొట్ట."

ఒదేరో తెలియకుండానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఆమె అది చూసింది. చూసినట్టు కనపడకుండా రాయి తీయడానికి వంగింది. పూసలు గలగలమన్నాయి.

"సరస్సుని మీరేమంటారు?" అన్నాడు మాట మార్చి.

"అనామ్."

"మేం నామ్ అంటాం!"

"చూశావా? పిసినారులు. ఒక అక్షరం మిగుల్చుకున్నారు." కాటా ముల్లు చూస్తూ చెయ్యి చాపింది. "ఆ పెన్ను ఇవ్వు."

"ఇవ్వను."

"సరే. రేపు అడుగుతా."

అడిగింది. పెన్ను తర్వాత తాడు అడిగింది. తాడు తర్వాత, అతను తింటున్న చపాతీలో సగం. ఆ తర్వాత మళ్లీ టోపీ. ఇవ్వనన్న ప్రతిసారీ నవ్వి, పక్కనే బోర్లించిన గంప మీద కూర్చుని వాళ్ల సరస్సులో మొసళ్లు ఎంత మర్యాదస్తులో చెప్పేది. రెండో వారానికి ఒదేరోకి ఒక కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున్నే లేవగానే, ఈవాళ ఏం అడుగుతుందో అనుకునేవాడు. ఒకరోజు పెట్టె అడుగు నుంచి ఎర్ర చొక్కా తీసి వేసుకున్నాడు. చేపల బేరానికి ఎర్ర చొక్కా ఎందుకని మీరు అడగొచ్చు. అతన్ని అతనే అడిగి ఉంటే బాగుండేది.

"ఆ చొక్కా ఇవ్వు" అంది ఆమె, అతను పందిరి దాకా రాకముందే.

"ఇవ్వను" అన్నాడు. రోజంతా ఆనందంగా ఉన్నాడు.

ప్రేమకథల్లో ఈపాటికి వాన పడాలి. ఆ ఏడాది ఆ ఒడ్డున పడ్డ వాన మొత్తం మూడు చినుకులు. అందులో రెండు చేపల మీద పడ్డాయని అకువామ్ ఆకాశాన్ని గంటసేపు తిట్టింది.

* * *

వ్యాపారి ప్రేమలో పడితే చేసే మొదటి తప్పు, దాన్ని కూడా వ్యాపారంలాగే చక్కబెట్టాలనుకోవడం. ఒదేరో ఆలోచించాడు. పిల్లకి టోపీ కావాలి. తనకి పిల్ల నవ్వు కావాలి. నాన్న టోపీ ఇవ్వడం కుదరదు. లొద్వార్ పట్నం బజారులో టోపీలు దొరుకుతాయి. ఇంత తేలికైన లెక్కకి ఇన్నాళ్లు పట్టిందేమిటని తనని తానే తిట్టుకుని, శుక్రవారం బైకు మాట్లాడుకుని లొద్వార్ పోయాడు. నాలుగు దుకాణాలు తిరిగి, అచ్చం తన టోపీ రంగులోనే కొత్తది, నల్ల అంచుది, కాగితంలో చుట్టించి తెచ్చాడు.

"ఇదిగో. నీకే. ఇంక నన్ను ఏదీ అడగక్కర్లేదు" అన్నాడు గొప్పగా.

అకువామ్ కాగితం విప్పింది. టోపీ వైపు చూసింది. అతని వైపు చూసింది. ఆమె మొహంలో నవ్వు, సాయంత్రం ఒడ్డు నుంచి నీళ్లు వెనక్కి తగ్గినట్టు మెల్లగా తగ్గిపోయింది.

"ఎంత?" అంది.

"ఏంటి ఎంత?"

"టోపీ. ఎంత పడింది?"

"డబ్బులేంటి? ఊరికే..."

ఆమె మెడలోని తోలు సంచి విప్పి, షిల్లింగులు తీసి కాటా పళ్లెంలో పెట్టింది. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఒదేరో ఎర్ర చొక్కా వేసుకుని వెళ్లాడు. కొత్త టోపీ పందిరి చివర కర్రకి తగిలించి ఉంది. కొంగలు రాకుండా.

"ఏం అకువామ్, ఈవాళ ఏం కావాలి?"

"ఏమీ వద్దండీ. తూకం చూసుకోండి."

అండీ! ఒదేరో వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా పెద్దమనిషి వచ్చాడేమో అని. ఎవరూ లేరు.

"నన్నేనా?"

"ఇసుక దులిపే ఉంచానండీ. మీకు నష్టం రాకూడదు కదా."

ఆ రోజు చేపలో ఒక్క ఇసుక రేణువు లేదు. అంత శుభ్రమైన సరుకు అతను పుట్టి బుద్ధెరిగాక కొనలేదు. అంత దిగులుగానూ ఎప్పుడూ కొనలేదు.

మూడు రోజులు ఇదే తంతు. నమస్కారమండీ, కూర్చోండీ, వెళ్లిరండీ. నాలుగో రోజు ఒదేరో హబీబో టీ కొట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. హబీబో సోమాలీ ఆవిడ, గరిస్సా నుంచి వచ్చి ఇక్కడ ఇరవై ఏళ్లుగా టీ అమ్ముతోంది. ఎడారిలో మంచినీళ్ల టీ అమ్మి ఇల్లు కట్టిన మనిషి. ఆమె లెక్క తప్పదు.

"అక్కా, టోపీ అడిగింది, టోపీ ఇచ్చాను. ఇందులో నా తప్పేంటి?"

"ఏమని ఇచ్చావు?"

చెప్పాడు.

హబీబో టీ గరిటె పక్కన పెట్టేసింది. "ఇంక అడగక్కర్లేదన్నావా? మొహం మీదే?"

"మంచికే అన్నాను కదా!"

"ఓరి పిచ్చోడా. ఇక్కడ టోపీ కోసం టోపీ అడుగుతారనుకున్నావా? అడగడమంటే నీ గుమ్మంలోకి వచ్చి కూర్చోడం. ఇవ్వు, ఇవ్వకపో, వచ్చి కూర్చున్నారుగా. రేపు మళ్లీ వస్తారు. నువ్వేం చేశావు? టోపీ చేతిలో పెట్టి తలుపేసేశావు. ఇంక రాకు అన్నావు."

ఒదేరో నోట్లో టీ చల్లారిపోయింది.

"ఇంకో మాట చెప్పు" అంది హబీబో. "ఆ పిల్ల నిన్ను ఎన్నిసార్లు అడిగింది?"

"పద్నాలుగు." వెంటనే చెప్పాడు.

"నువ్వు ఆమెని?"

ఒదేరో గ్లాసు అడుగున మిగిలిన టీలోకి చూశాడు.

"పోనీ ఈ ఊళ్లో ఎవర్నైనా? నా దగ్గర ఒక చెంచా చక్కెర అడిగావా ఎప్పుడైనా? లేదు. తాగుతావు, డబ్బులిస్తావు, పోతావు. మూడు వారాలైంది, నాకు నీ పేరు తెలుసు, అంతే. లొమురియా నిన్నేమంటాడో తెలుసా? తలుపు లేని గోడ అంటాడు."

* * *

ఒదేరో పందిరి దగ్గరికి వెళ్లాడు. దారి పొడవునా ఆ మాటను నోట్లో తిప్పుకుంటూ వెళ్లాడు. ఇరవై ఏడేళ్లు వచ్చినా, ఒక మనిషి ముందు నిలబడి "ఇవ్వు" అన్న పాపాన పోలేదు.

"రండి" అంది అకువామ్ తలెత్తకుండా.

"ఆ... ఆ కత్తి ఇవ్వు."

ఆమె చెయ్యి చేప మీద ఆగిపోయింది.

"ఏంటండీ?"

"కత్తి. నీ నడుముకి ఉంటుందే, అది. ఇవ్వు."

"ఎందుకు?"

"నీది కాబట్టి."

ఆమె మెల్లగా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడింది.

"ఇవ్వను."

"ఇవ్వవా?"

"ఇవ్వను పో! చేపలు నీ గోళ్లతో చీల్చనా?"

నువ్వు అంది. పో అంది. ఒదేరోకి ఏ బేరంలోనూ ఇంత కలిసిరాలేదు. మొహం నిండా నవ్వుతూ గంప బోర్లించుకుని కూర్చున్నాడు. "సరే. రేపు అడుగుతా" అన్నాడు.

"రేపూ ఇవ్వను. పద్నాలుగు సార్లు తిప్పుకుంటా."

"నువ్వూ లెక్క పెట్టావా?"

అకువామ్ నాలుక కరుచుకుంది. చేపను అవసరానికంటే గట్టిగా తిప్పింది.

ఒదేరో లేచి, నాన్న టోపీ తీశాడు. చెమటకి అంచు తెల్లబారిన ఆ పాత టోపీని రెండు చేతులతో ఆమె తల మీద పెట్టాడు. అది కళ్ల దాకా దిగింది.

"ఇది ఎందుకిచ్చావు?" అంది టోపీ కింద నుంచి.

"నువ్వు అడిగావుగా. నాకు వినపడటానికి ఇన్నాళ్లు పట్టింది. ఇప్పుడు ఇంకోటి అడుగుతున్నా. నాతో వచ్చెయ్యి, నన్ను పెళ్లి చేసుకో."

టోపీ అంచు మెల్లగా పైకి లేచింది. కింద రెండు కళ్లు తడితడిగా, కొంటెగా ఉన్నాయి. "అది నా దగ్గర అడిగేది కాదు. మా తాత దగ్గర అడుగు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "సరిగ్గా అడుగు, అబ్బాయ్. ఆయన నాలాగా పద్నాలుగు సార్లు ఆగడు."

* * *

ఎసెకోన్ తాత తన చిన్న చెక్కపీట మీద కూర్చుని పొగాకు నములుతున్నాడు. కొడుకూ కోడలూ పోయాక అకువామ్‌ని పెంచింది ఆయనే. ఒదేరో పొగాకు పొట్లం ముందు పెట్టి, కుశలం అడిగి, మళ్లీ తన పాత గుణం కొద్దీ తిన్నగా బేరంలోకి దిగాడు.

"మీ మనవరాలిని చేసుకుంటాను తాతా. పిల్లకి కట్టాల్సిన ఓలి ఎంతైనా ఫర్వాలేదు, చెప్పండి. ఎవరి సాయం లేకుండా నా ఒక్కడి డబ్బుతోనే ఇచ్చుకుంటాను."

తాత నమలడం ఆపాడు. "నీ ఒక్కడి డబ్బుతోనా?"

"నా ఒక్కడి కష్టంతో."

"అయితే వద్దులే."

ఒదేరో పొగాకు పొట్లాన్ని ఇంకొంచెం ముందుకి జరిపాడు.

"చూడు నాయనా" అన్నాడు తాత, చెడ్డ సరుకు తెచ్చినవాడితో మంచి వ్యాపారి మాట్లాడినంత శాంతంగా. "ఇది ఎడారి. ఒకడి మంద ఒక ఎండాకాలంలో పోతుంది. ఒకడి డబ్బు ఒక జబ్బుతో పోతుంది. అప్పుడు నా పిల్ల ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? ఓలి కోసం నీకు మేకనిచ్చిన వాళ్ల గుమ్మం ముందు. మేక ఇచ్చినవాడు పిల్లను మరిచిపోడు. ఎవరూ ఏమీ ఇవ్వని ఒంటరివాడికి పిల్లనిస్తే, దాన్ని ఈ ఇసుకలో వదిలేసినట్టే."

ఈ లెక్కలో తప్పు పట్టడానికి ఒదేరో ఎంత వెతికినా దొరకలేదు.

"ఎనిమిది మేకలు తే. కొనకూడదు. అడగాలి. ఎనిమిది చేతుల నుంచి రావాలి. మిగతా మాటలు మీ పెద్దవాళ్లు వచ్చాక. నీ లారీ ఎప్పుడు?"

"నాలుగో రోజు పొద్దున."

"ఆలోగా తే. వెళ్లి మళ్లీ వస్తానన్న వ్యాపారులను చాలామందిని చూశాను. ఆ చేతుల్లేకుండా పోతే మాత్రం ఇటు రావద్దు. పిల్ల పేరు ఎత్తొద్దు."

బయట పందిరి చాటున పూసలు గలగలమన్నాయి. ఈసారి ఆ చప్పుడులో ఆట లేదు.

ఒదేరో సిగ్నలు దొరికే ఇసుక దిబ్బ ఎక్కి వాళ్లమ్మకి ఫోను చేశాడు. అంతా విని ఆమె ఒకటే అడిగింది: "చేప ఎండబెట్టడం వచ్చా?"

"వాళ్లలో ఆమెదే మొదటి పేరు."

"మరింకేం? వెళ్లి మేకలు అడుగు."

"అమ్మా, నాన్న ఎవరినీ ఏమీ అడగొద్దన్నాడు కదా..."

అవతల నవ్వు వినపడింది. "మీ నాన్నా? నన్ను చేసుకోవడానికి తోలుకొచ్చిన తొమ్మిది ఆవుల్లో ఆయనవి రెండే. తక్కినవి అన్నల్నీ, మేనమామల్నీ, ఆఖరికి మా ఊరి పడవవాడినీ అడిగి తెచ్చాడు. ఆ సంగతి నీకు చెప్పలేదా? పెళ్లయ్యాక పెద్దమనిషయ్యాడులే!"

ఒదేరో నెత్తి మీద టోపీ సర్దుకోబోయాడు. అక్కడ టోపీ లేదు.

* * *

మొదట లొమురియా దగ్గరికి వెళ్లాడు. ముసలాయన వల అల్లుతూ అరిచాడు: "రండర్రా! గోడకి తలుపొచ్చింది!"

"తాతా, ఒక మేక ఇవ్వు" అన్నాడు ఒదేరో, ఒక్క ఊపిరిలో.

"కూర్చో."

కూర్చోబెట్టి, వల కొస ఒకటి చేతికిచ్చి, మధ్యాహ్నం దాకా అల్లించాడు. తన ముగ్గురు కొడుకుల సంగతీ, మొసలి పట్టిన కాలి సంగతీ చెప్పాడు. అంతా అయ్యాక, "ఆ టార్చిలో బ్యాటరీలు ఇవ్వు" అన్నాడు.

ఒదేరో ఇచ్చాడు. ముసలాయన దొడ్లోంచి చుక్కల మేకను తెచ్చి తాడు చేతిలో పెట్టాడు.

"రెండు బ్యాటరీలకి మేక అంటే మీకు చాలా నష్టం తాతా" అన్నాడు ఒదేరో నొచ్చుకుంటూ.

లొమురియా కళ్లెర్రజేశాడు. "ఇది బేరమనుకున్నావా? బ్యాటరీలు నేను అడిగాను, నువ్విచ్చావు. మేక నువ్వడిగావు, నేనిచ్చాను. ఆ రెండిటినీ కలిపి ముడేశావంటే రెండూ లాక్కుంటా!"

నాపుస్ అతని బూట్లు అడిగింది, ఇచ్చాడు. తెల్లమేకను అడిగాడు, ఇచ్చింది. గుడిసె పక్కాయన గడియారం పెట్టుకుని ఊరంతా తిరిగి టైము చెప్పొచ్చాక, బక్కమేకనిచ్చాడు. ఉప్పు అమ్మే అక్కాచెల్లెళ్లిద్దరూ చెరొక మేకా ఇచ్చి, అతని సబ్బునీ అద్దాన్నీ పంచుకున్నారు. పడవలు చెక్కే వడ్రంగి అతని ఒంటి మీది ఎర్ర చొక్కా విప్పించి తీసుకున్నాడు. ఇంత నల్లటి మేక నీకు రాసిపెట్టి ఉందోయ్ అన్నాడు. హబీబో మాత్రం ఏమీ అడగలేదు. "ముందు నన్నో చెంచా చక్కెర అడుగు" అంది. అడిగాడు. చక్కెర చేతిలో పోసి, వెనక నుంచి మేకను తోలుకొచ్చింది.

ఏడు. నాలుగో రోజు పొద్దెక్కింది. ఎనిమిదోది ఇస్తానన్నవాడి మంద మేత కోసం కొండ వైపు వెళ్లిపోయింది. తిరిగి రావడానికి రెండు రోజులు పడుతుందన్నాడు. లారీ వచ్చి ఎక్కింపు కూడా మొదలైంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

ఒదేరో ఏడు తాళ్లు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో, బనీనుతో ఇసుకలో నిలబడ్డాడు. కొంటే నిమిషంలో పని. జేబులో డబ్బుంది. ఎదురుగా మేకలమ్మేవాడు కూడా ఉన్నాడు. ఎవరికి తెలుస్తుంది? ఒక క్షణం అటు చూశాడు. తర్వాత తల తిప్పుకున్నాడు. ఎవరికీ తెలియకపోయినా, ఆ పిల్ల నిలబడటానికి ఒక గుమ్మం తగ్గుతుంది. అది అతనికి తెలుసు.

"అందర్నీ అడిగావు. నన్ను అడగలేదే?"

అకువామ్. కళ్ల దాకా దిగిన నాన్న టోపీ. చేతిలో తాడు, తాడు చివర చెవి చీలిన గోధుమరంగు మేక. ఆమె పాలు పితుక్కునే సొంత మేక.

"నిన్నా? నీకోసం నిన్నే..."

"అడుగుతావా, హారన్ కొట్టించుకుంటావా?"

"నీ మేక ఇవ్వు."

"ఎందుకు?"

"నిన్ను చేసుకోవడానికి."

"అబ్బో. పెద్ద పనే." తాడు అతని చేతిలో పెట్టింది. "జాగ్రత్త. కుడివైపు నుంచి వెళ్తే తంతుంది."

ఎసెకోన్ తాత పీట మీద నుంచే ఒక్కొక్క మేకనూ చూశాడు. ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "చుక్కలది లొమురియాది. బక్కది ఆ గడియారపు వెధవది. నల్లది వడ్రంగిది..." ఎనిమిదోదాని దగ్గర ఆగాడు. మేక అలవాటుగా వచ్చి ఆయన మోకాలు నాకింది.

"ఇది ఎవరి చెయ్యి?"

ఒదేరో చెమటలు కక్కాడు. "అడిగాను తాతా. ఇచ్చింది."

"నా దొడ్లో మేకను నాకే తోలుకొచ్చావు. నీలాంటి వ్యాపారిని నేను చూడలేదు!" తాత నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గాడు. తర్వాత మనవరాలి వైపు చూసి మెత్తబడ్డాడు. "సరే. కష్టమొస్తే నిలబడాల్సిన మొదటి గుమ్మం దానిదే కదా. లెక్క సరిపోయింది." లేచి, ఒదేరో వైపు వేలు చూపించాడు. "ఆ బెల్టు ఇవ్వు."

బెల్టు ఇచ్చాడు. తాత ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, "నీళ్లుండాలి!" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లు "ఉండాలి!" అన్నారు. "పాలుండాలి!" "ఉండాలి!" "గొడవలు పోవాలి!" "పోవాలి!" ఆఖర్న నోట్లోని పొగాకు రసాన్ని తుంపరలుగా ఇద్దరి నుదుళ్ల మీదా ఊది ఆశీర్వదించాడు. ఆ ఒడ్డున ఒదేరో మీద పడ్డ వాన అదొక్కటే.

పెద్దవాళ్లను తీసుకుని నెల తిరక్కుండా రావాలని మాట అయింది. డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. ఒదేరో ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో లారీ తలుపు పట్టుకుని ఆగాడు. ఎండ నడినెత్తికి వస్తోంది.

"ఆ టోపీ ఇవ్వు" అన్నాడు. "రెండు రోజుల దారి."

"ఇది నాది" అంది అకువామ్.

"తెలుసు. అందుకే అడుగుతున్నా."

ఆమె టోపీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కళ్లు మెరిశాయి.

"ఇవ్వను. వచ్చి మళ్లీ అడుగు."

లారీ కదిలింది. నెత్తిన టోపీ లేదు, కాళ్లకి బూట్లు లేవు, చేతికి గడియారం లేదు, నడుముకి బెల్టు లేదు. ఇంత లాభంతో ఒదేరో ఏ సంత నుంచీ ఇంటికి వెళ్లలేదు.